గుండ్లకమ్మ దాకా

1867 తర్వాతి రోజులు. ఒంగోలు చుట్టుపక్కల ఏ ఊరైనా అనుకోండి, ఆ ఏళ్లలో చాలాచోట్ల జరిగింది ఇదే. పొద్దు వాలుతోంది. ఊళ్లో అమ్మవారి కొలుపు. మనం ఊరికి ఎడంగా ఉన్న మాదిగపల్లెలో నిలబడ్డాం. తోలు నానబెట్టిన తొట్ల వాసన, పొయ్యిల మీద ఉడుకుతున్న జొన్న సంకటి వాసన కలిసి ముక్కుకు తగులుతున్నాయి. తలారి వచ్చి పల్లె మొదట్లోనే ఆగాడు.

"ఒరే, ఇంకా కదల్లేదేందిరా? మునసబుగారు కేకలేస్తన్నారు. డప్పులు తీసుకుని రండి!"

ఎవరూ లేవలేదు. చివరికి వేపచెట్టు కిందనుంచి ఒక ముసలాయన లేచి, తలగుడ్డ తీసి చేతబట్టుకున్నాడు.

"మేం రాలేమయ్యా. యేసుసామిని నమ్ముకున్నాం. చెప్పులు కుడతాం, కపిల బానలు కుడతాం, చేలో ఏ పని చెప్పినా చేస్తాం. డప్పు మాత్రం కొట్టలేం."

ఆ గొంతులో పొగరు లేదు. వణుకుంది. మాట మాత్రం మారలేదు.

ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర దగ్గర బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు మూడు కట్టుబాట్లు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఎంత! పల్లెలో ఒక్కొక్కటీ ఊరితో తగువే. కోతల్లో ఆదివారం రామంటే రైతు ఊరుకోడు. చచ్చిన గొడ్డు మాకొద్దంటే తిరగబడ్డట్టే లెక్క. డప్పు మోగకపోతే కొలుపు నడవదు.

తెల్లారేసరికి ఊరు జవాబు చెప్పింది. నీళ్లకు వెళ్లిన ఆడవాళ్లు ఖాళీ కడవలతో తిరిగొస్తున్నారు. అంగట్లో వీళ్లకు ఉప్పు కూడా అమ్మొద్దని కరణం మాట. పనికి పిలిచేవాడు లేడు. కళ్లంలో రావలసిన మేర గింజలు వస్తాయన్న ఆశ లేదు. పిల్లలు ఏడుస్తున్నారు. తల్లుల ముఖాలు చూడండి. ఇప్పుడు వెళ్లి ఒక్క డప్పు భుజాన వేసుకుంటే అన్నీ తిరిగొస్తాయని వాళ్లకు తెలుసు. ధైర్యమంటే నాకు ఈ తల్లులే గుర్తొస్తారు. సింహాల ముందు నిలబడటం ఒక్క పూట పని. ఇది రోజూ పొయ్యి ముందు జరిగే పరీక్ష.

దొర చెప్పాడు కాబట్టి వీళ్లు నిలబడ్డారనుకుంటే పొరపాటు. వీళ్లలో ఒకడైన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. యోగం నేర్చి గురువనిపించుకున్నవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు సువార్త విని వచ్చి, తాళ్లకొండపాడులో తనవాళ్లకు తనే చెప్పుకున్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ మాట పల్లె నుంచి పల్లెకు చుట్టరికాల దారుల్లో నడిచింది.

ఆ తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా జనం ఎండుటాకుల్లా రాలిపోయారు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడిగారు. ఇవ్వలేదు. పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. గంజికోసం మతం మారారన్న నింద ఈనాటికీ వినిపిస్తూనే ఉంది. అనేవాళ్లు ఆ పదిహేను నెలల సంగతి కూడా చెప్పాలి.

ఇప్పుడు గుండ్లకమ్మ ఒడ్డుకు రండి. వెల్లంపల్లి దగ్గర, 1878 జూలై 3. కరువు సాయం పంపిణీ అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదని ముందే చెప్పేశారు. అయినా ఒడ్డంతా జనమే. పొద్దున్నే మొదలైంది. నడుంలోతు నీళ్లలో ఇద్దరు బోధకులు. ఒడ్డున ఒక్కో పేరూ చదువుతున్నారు. పిలిచిన మనిషి నీళ్లలోకి దిగుతున్నాడు, మునుగుతున్నాడు, లేస్తున్నాడు. ఇద్దరూ అలిసిపోతే మరో ఇద్దరు దిగుతున్నారు. మధ్యాహ్నం కాసేపు ఆపి, మళ్లీ సాయంత్రం దాకా. ఆ ఒక్క రోజే 2,222 మంది.

క్లౌ దొర ఆ రోజు ఒక్కరికీ తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు. ఒడ్డునే ఉండి చూసుకున్నాడు. నీళ్లలో వంతులవారీగా నిలబడిన ఆరుగురూ తెలుగు బోధకులే.