ఒకటి, మూడు, నాలుగు, రెండు

పెట్రోలు కార్ల షెడ్డులో పనికి చేరిన కుర్రాడు నోటికి పట్టాల్సిన మొదటి లెక్క బళ్లో చదివిన వరసలో ఉండదు. ఒకటి, మూడు, నాలుగు, రెండు. ప్లగ్గులు మార్చేటప్పుడు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ నుంచి వచ్చే నాలుగు వైర్లనూ ఈ వరసలోనే తగిలించాలి. రెండు వైర్లు తారుమారయితే ఇంజన్ అందుకోదు. అందుకున్నా దడదడలాడుతూ సైలెన్సర్‌లో టపాకాయలు పేలుస్తుంది.

ఈ వరస ఎన్నిసార్లు పనిచేస్తుందో ఒక దారి మీద లెక్క చూద్దాం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆళ్లగడ్డకు రైలు లేదు.  కాబట్టి నంద్యాల నుంచి ఈ ఊరికి రాకపోకలు ఎక్కువగా ఒకప్పటి 18వ నంబరు, ఇప్పటి 40వ నంబరు జాతీయ రహదారి మీదే. ఆ దారిన కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో అరగంట నడిచిందనుకుందాం. ఇంజన్ నిమిషానికి 2500 చుట్లు తిరిగితే మొత్తం 75 వేల చుట్లు. చుట్టుకు రెండు మంటల చొప్పున నాలుగు సిలిండర్లలో లక్షా యాభై వేల సార్లు పెట్రోలు అంటుకుంటుంది. అన్నిసార్లూ అదే వరస.

ఆ వరస ఎందుకలా ఉందో, పిస్టన్ల ఎగుడు దిగుడును తిరుగుడుగా మార్చే క్రాంక్ షాఫ్ట్‌ను ఒకసారి బయటికి తీసి చూస్తే తెలిసిపోతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్లో ఒకటో పిస్టన్, నాలుగో పిస్టన్ జంటగా పైకి లేస్తాయి. అప్పుడు రెండు, మూడు కిందికి దిగుతాయి. ప్రతి సిలిండర్‌కూ నాలుగు పనులు: గాలీ పెట్రోలూ పీల్చడం, వాటిని నొక్కడం, మండించి తోపు ఇవ్వడం, పొగ వదలడం. ఈ నాలుగూ పూర్తయ్యేసరికి క్రాంకు రెండు చుట్లు తిరుగుతుంది. రెండు చుట్లను నాలుగు సిలిండర్లకు సమంగా పంచితే అర చుట్టుకో తోపు. ఒకటి మండిన అర చుట్టుకు పైకి వచ్చేవి రెండు, మూడు మాత్రమే. ఆ తర్వాతి వంతు నాలుగుది. అందువల్ల ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్న వరస ఈ క్రాంకుతో సాధ్యమే కాదు. ఒకటి-మూడు-నాలుగు-రెండు గానీ, ఒకటి-రెండు-నాలుగు-మూడు గానీ కుదురుతాయి. అంబాసిడర్‌తో సహా ఎక్కువ ఇంజన్లు మొదటిదాన్నే ఎంచుకున్నాయి.

ఈ నాలుగు పనుల చక్రాన్ని 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నడిపి చూపించాడు. ఆయన ఇంజన్ ఒంటి సిలిండర్‌ది, కదలకుండా ఒకచోట నిలబెట్టి ఫ్యాక్టరీ యంత్రాలను తిప్పడానికి చేసింది. ఆయన దగ్గర పనిచేసి బయటికొచ్చిన గోట్లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మేబాక్ 1890లో నాలుగు సిలిండర్లను ఒక వరసలో నిలబెట్టారు. అయిదు గుర్రాల శక్తి, 153 కిలోల బరువు. అది పుట్టింది కారు కోసం కాదు, పడవ కోసం. 1901లో మేబాక్ రూపకల్పన చేసిన 35 గుర్రాల శక్తి గల మెర్సిడెస్‌తో నాలుగు సిలిండర్లు కారులో స్థిరపడ్డాయి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ ఆ అమరికను సామాన్యుడి ఇంటి ముందుకు తెచ్చింది. నాలుగు సిలిండర్లనూ ఒకే దిమ్మెగా పోతపోసి, పైన విప్పదీయగల హెడ్డు బిగించడం ఫోర్డ్ చేసిన మేలు. నేటికీ షెడ్డులో హెడ్డు విప్పి వాల్వులు గ్రైండ్ చేయగలుగుతున్నామంటే ఆ అమరిక వల్లే.

ఒక లోపం మాత్రం పుట్టుకతోనే ఉంది. రెండు పిస్టన్లు పైకి, రెండు కిందికి పోతున్నాయి కదా, కుదుపు కుదుపుతో చెల్లిపోవాలి. చెల్లదు. కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా ఊగడం వల్ల పిస్టన్ పై సగంలో వేగంగా, కింది సగంలో కాస్త నిదానంగా నడుస్తుంది. ఆ తేడా చుట్టుకు రెండుసార్లు సన్నని అదురుగా పైకి వస్తుంది. దాన్ని అణచడానికి క్రాంకుకు రెట్టింపు వేగంతో ఎదురెదురుగా తిరిగే జంట షాఫ్టులను ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే కనిపెట్టాడు. చిన్న ఇంజన్లకు ఆ ఖర్చు అక్కర్లేదు, ఇంజన్ కింద రబ్బరు మౌంటింగులు సరిపోతాయి. అవి అరిగిన రోజున స్టీరింగు చేతిలో వణుకుతుంది. చాలామంది అది ఇంజన్ రోగమనుకుని భయపడతారు.

మన రోడ్ల మీద ఈ జాతికి పెద్ద దిక్కు అంబాసిడర్. బెంగాల్లోని ఉత్తరపారాలో 1957లో మొదలై 2014 మే దాకా తయారైంది. తొలి రోజులు దాటాక దాని బానెట్ కింద చేరిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్ కొలతలు షెడ్డు గోడ మీద రాసిపెట్టుకోదగ్గవి: బోరు (సిలిండర్ అడ్డుకొలత) 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ నడిచే దూరం) 88.9. ఒక్కో సిలిండర్ 372 సీసీ. సన్నని బోరు, పొడుగు స్ట్రోకు. అందుకే పరుగు తక్కువైనా ఎనిమిది మందిని కుక్కినా లాగేది. బొంబాయి నుంచి వచ్చిన ఫియట్ 1100, తర్వాత పేరు మార్చుకుని ప్రీమియర్ పద్మిని, 1089 సీసీతో ఇంకాస్త చురుగ్గా ఉండేది. డీజిల్ అంబాసిడర్ వచ్చాక ట్యాక్సీ యజమానులు చాలామంది అటు మళ్లారు. పెట్రోలు కారు డాక్టర్ల, వకీళ్ల, మిల్లు యజమానుల ఇళ్ల ముందు మిగిలింది.

ఆ ఇంజన్లు ఏళ్లు గడిచేకొద్దీ ‘బోరుకొచ్చేవి’. రింగులు, సిలిండర్ గోడలు అరిగి నూనె పైకెక్కి నీలం పొగ వస్తుంది. దిమ్మెను లేత్ షాపుకు మోసుకెళ్లి బోరును కాస్త వెడల్పు చేసి, ఇరవై ‘థౌ’, నలభై ‘థౌ’ పెద్ద పిస్టన్లు వేస్తారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. నలభై అంటే ఒక మిల్లీమీటరు. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండాల్సిన సందు తలవెంట్రుక మందం కూడా ఉండదు. ఆళ్లగడ్డ శిల్పి ఉలితో చెక్కిన రాతిని చివరికి నున్నగా సానపడతాడు. బోరింగు మేస్త్రీ పని దీనికి తలకిందులు. నున్నగా కోసిన గోడ మీద హోనింగు రాళ్లతో సన్నని అడ్డదిడ్డం గీతలు మళ్లీ పెడతాడు. ఆ గీతల్లోనే నూనె నిలుస్తుంది. గోడ అద్దంలా ఉంటే నూనె జారిపోయి రింగులు కుదురుకోవు.

అయితే ఈ సీమలో ఇంజన్‌ను చంపేది అరుగుదల కంటే వేడి. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాలలో 44, 45 డిగ్రీలు మామూలు మాట. మండిన పెట్రోలు శక్తిలో చక్రాలకు చేరేది ఇంచుమించు నాలుగో వంతు. మిగతాదంతా వేడే. అందులో సగం పొగతో పోతుంది, మిగతా సగాన్ని రేడియేటర్ గాలిలోకి వదలాలి. గాలే నిప్పులు చెరుగుతుంటే అది ఎంతని వదలగలదు? దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి ఎనిమిది కిలోమీటర్ల ఎక్కుడు. కారు నిండా జనం, రెండో గేరు, వేగం లేదు కనుక ఎదురుగాలి లేదు. ఇంజన్ మాత్రం పూర్తి కష్టం పడుతోంది. పాత కార్లు బానెట్లు ఎత్తుకుని ఆవిర్లు కక్కేది ఇలాంటి ఎక్కుళ్ల దగ్గరే.

దీనికి ఇక్కడి నేల కూడా ఒక చెయ్యి వేస్తుంది. నంద్యాల జిల్లా బేతంచెర్ల బండలు ఊరూరా ఇళ్లలో పరిచారు. పాణ్యం, కొలిమిగుండ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. అన్నిటికీ మూలం భూమిలోని సున్నపురాయి. ఆ రాళ్ల మధ్య ఊరిన బోరుబావి నీళ్లలో సున్నం కరిగి ఉంటుంది. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం ఇక్కడి ఇల్లాళ్లందరికీ తెలుసు. దారిలో కనిపించిన చేతిపంపు నీళ్లు రేడియేటర్‌లో పోస్తే అదే పొర దాని సన్నని గొట్టాల్లో కడుతుంది. ఏటేటా ఒక్కో గొట్టం మూసుకుపోతుంది. ఇంటి గచ్చుకు అందమిచ్చిన రాయే ఇంజన్ గొంతుకు అడ్డం పడుతుంది. కూలెంట్‌ను శుద్ధిచేసిన నీళ్లతో కలిపి పోయడం ఖరీదైన సోకు కాదు. అది తుప్పును ఆపుతుంది, మరిగే వేడిని పెంచుతుంది. రేడియేటర్ మూత బిగువు కూడా అంతే ముఖ్యం. మామూలుగా వంద డిగ్రీలకు మరిగే నీళ్లు, మంచి మూత కింద ఒత్తిడిలో దాదాపు 120 దాకా మరగవు. మూత రబ్బరు పోతే ఆ ఇరవై డిగ్రీల రక్షణా పోయినట్లే.

వేడికి విరుగుడుగా కొందరు, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్‌ను పీకి పారేస్తారు. ఇది పొరపాటు వైద్యం. థర్మోస్టాట్ పట్టేసి ఉంటే కొత్తది వేయాలి. అసలే లేకుండా చేస్తే ఇంజన్ సరైన వేడికి ఎక్కడానికి ఆలస్యమై పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మండని పెట్రోలు నూనెలో కలిసి దాన్ని పలచన చేస్తుంది. వేడెక్కిన ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరించడం ఇంకా పెద్ద తప్పు. అల్యూమినియం హెడ్డు వంకర తిరుగుతుంది, గ్యాస్కెట్ ఊదిపోతుంది. డిప్ స్టిక్ తీసి చూస్తే నూనె పాలు కలిపిన కాఫీలా ఉందంటే నీళ్లు నూనెలోకి దిగాయన్నమాట. అప్పుడు ఇంకో కిలోమీటరు కూడా నడపకూడదు.

గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ కథ ముగియడంలో నంద్యాలకు ఒక పరోక్ష పాత్ర ఉంది. 1991 నవంబరులో ఇక్కడి ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావు 5.8 లక్షల ఓట్ల ఆధిక్యతతో గెలిచారు. నంద్యాల ఎంపీ ప్రధానిగా ఉన్న ఆ ప్రభుత్వమే 1993లో కార్ల తయారీకి లైసెన్సు అవసరాన్ని తీసేసింది. ఆ దశకం ముగిసేలోగా విదేశీ కంపెనీలు వరసగా దిగాయి. 1998లో వచ్చిన శాంత్రో కారులో 999 సీసీకే నాలుగు సిలిండర్లు. 2000 ఫిబ్రవరికి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ కార్బురేటర్ పోయి ప్రతి సిలిండర్ దగ్గరా ఒక ఇంజెక్టర్ చేరింది. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య 0.4 మిల్లీమీటర్ల సందును ఫీలర్ గేజితో చూసుకునే పని సెన్సర్లకు పోయింది.

సెన్సర్లు వచ్చినా నల్లరేగడి దుమ్ము అలాగే ఉంది. శనగ కోతల కాలంలో చేల దారిన తిరిగిన కారుకు ఎయిర్ ఫిల్టర్ గడువును కంపెనీ పుస్తకం చూసి లెక్కపెట్టకూడదు. ఫిల్టర్ దాటిన దుమ్ము సిలిండర్ గోడల మీద గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఇంజన్ ఆయిల్ కూడా కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికొకసారి మార్చాల్సిందే. టైమింగు బెల్టున్న ఇంజన్లకు గడువు దాటనివ్వడం ఇంకా ప్రమాదం. చాలా ఇంజన్లలో బెల్టు తెగిన క్షణాన పిస్టన్లు వాల్వులకు తగిలి వంచేస్తాయి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. దానికి తగ్గట్టు చేయని పాత కార్లలో రబ్బరు పైపులు, సీళ్లు గట్టిపడి పగులుతున్నాయేమో కనిపెట్టుకుని ఉండాలి. నెలల తరబడి నిలబెట్టిన బండి ట్యాంకులో తేమ చేరడమూ ఎక్కువే.

రాయలసీమలోనే పెనుకొండ దగ్గర 2019 నుంచి తయారవుతున్న సెల్టోస్ కారులో 1497 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ ఉంది. మరోపక్క చిన్న కార్లు మూడుకు దిగిపోతున్నాయి. 2005 నుంచి నాలుగుతో నడిచిన స్విఫ్టు పెట్రోలు కారు 2024 మేలో మూడు సిలిండర్లకు మారింది. సిలిండర్ ఒకటి తగ్గితే రాపిడి, బరువు, ఖర్చు తగ్గుతాయి. మారుతి 800 కూడా మూడు సిలిండర్లదేనని చాలామంది మరిచిపోయారు.

కొత్త ఇంజన్లలో డిస్ట్రిబ్యూటర్ లేదు. ప్లగ్గుకో కాయిల్ నేరుగా నెత్తిమీద కూర్చుంటుంది, వరసంతా కంప్యూటర్ చూసుకుంటుంది. స్కానర్ తగిలిస్తే మిస్సింగు ఏ సిలిండర్‌లోనో అంకె కనిపిస్తుంది. స్కానర్ లేని షెడ్డులో మేస్త్రీ పాత పద్ధతినే నమ్ముకుంటాడు. ఇంజన్ ఆడుతుండగా కాయిళ్ల కనెక్షన్లు ఒక్కొక్కటే తీసి, మళ్లీ పెట్టి, చెవి ఒగ్గుతాడు. మంచి సిలిండర్‌ది తీస్తే ఇంజన్ కుంటుతుంది. ఏది తీసినప్పుడు శబ్దం మారలేదో, రోగం అందులో ఉంది.