ఆకాశరామన్న చరిత్ర

ఆకాశరామన్నను ఎరుగని తెలుగువాడు లేడు. ఆయనకు ఊరు లేదు, ఇంటిపేరు లేదు, వయస్సు లేదు. అయినను తలచినవారికెల్ల ఉత్తరము వ్రాయగలడు. కుదిరిన పెండ్లి చెడగొట్టవలెనన్నను, కచేరీ గుమాస్తా ఉద్యోగము ఊడగొట్టవలెనన్నను, పొరుగువాని కుమార్తె నడవడిని గూర్చి లేనిపోని మాటలు పుట్టింపవలెనన్నను మనవారు ఆయన పేరు చాటున దాగి వ్రాయుచు వచ్చిరి. ఆ పేరు భాషలో జాతీయమై నిలిచినదనగా ఆ పని మనలో ఎంత విరివిగా జరిగినదో వేరుగ చెప్పనక్కరలేదు. నేడు ఆయన కాగితమును విడిచి సెల్‌ఫోనులో కాపురము పెట్టెను. పెద్దలతో తృప్తి చెందక పిల్లలమీద పడెను. దీనినే ఆంగ్లమున సైబర్ బుల్లీయింగ్ అనుచున్నారు. మనము అంతర్జాల వేధింపు అనవచ్చును.

కర్నూలునుండి గుంటూరు పోవు బాటమీద, నందికొట్కూరు దాటిన పిమ్మట, ఆత్మకూరు చేరక మునుపు, జూపాడు బంగ్లా యను నూరు కలదు. 2022 ఏప్రిల్ 4 వరకు అది కర్నూలు జిల్లాలోనిది. ఆ దినమునుండి నంద్యాల జిల్లాలోనిది. శ్రీశైల జలాశయపు నీటిని రాయలసీమకు విడుచు పోతిరెడ్డిపాడు తూములు ఈ మండలములోనివే. అక్కడ బస్సు కొరకు మేమొక సాయంకాలము నిలిచియుండగా, బడి విడిచిన పిల్లలు నలుగురు ఒక ఫోనుపై తలలు చేర్చి నవ్వుచుండిరి. అయిదవవాడు పది అడుగుల దూరమున నిలిచి, తన ఫోను చూచుకొని, జేబులో పెట్టుకొని, మరల తీసి చూచుకొనుచుండెను. వారి నవ్వునకు వాడే కారణమో కాదో అడుగుటకు మాకు నోరాడలేదు. పూర్వమైనచో బస్సు కదలగానే ఆ నవ్వు అక్కడనే ఆగిపోయెడిది. ఇప్పుడది వానితో కూడ బస్సెక్కి, ఇంటికి పోయి, వాని దిండు క్రింద పడుకొనును. ఈ వ్యాసము ఆ సాయంకాలమే మా మనస్సున పుట్టినది.

పిల్లలు పిల్లలను ఏడిపించుట క్రొత్త కాదు. మా చిన్నతనమున బడిగోడ మీద బొగ్గుతో పేర్లు వ్రాసెడివారు. సంక్రాంతికి సున్నము కొట్టగానే అవి మాసిపోయెడివి. పెద్దల ద్వేషమునకు మాత్రము తపాలా శాఖ మంచి సాధనము నిచ్చెను. 1879 జులై 1వ తేదీన మన దేశమున కాలణా పోస్టుకార్డు ప్రవేశపెట్టబడినది. కవరు చించనిదే లోని మాట తెలియదు. కార్డు మీది మాటను తపాలా బంట్రోతు మొదలు వీధి అరుగుమీది వారందరును చదువగలరు. కావున తిట్టదలచినవారికి కార్డే మేలు. ఈ సంగతి దొరలకును తెలిసినది కాబోలు. 1898 నాటి తపాలా చట్టము, 20వ సెక్షనున, కార్డుమీదను కవరుపైనను అసభ్యములు, బెదరింపులు, తీవ్రముగ నొప్పించు మాటలు వ్రాసి పంపుటను నిషేధించెను. పేరు దాచి బెదరించువానికి 1860 నాటి శిక్షాస్మృతి 507వ సెక్షనున అదనపు శిక్ష అప్పటికే యేర్పడియుండెను. ఆకాశరామన్నకు చట్టము మనము తలచినదానికంటె పాతది.

అయితే ఆ చట్టములు కాపాడినది ఎవరిని? పరువుగల పెద్దలను. పసివాని మనస్సునకు పరువున్నదని ఆ కాలమున ఎవరికిని తోచలేదు. దీనికి మన సంస్కరణ చరిత్రలోనే యొక నిదర్శనము కలదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు మొదటి వితంతు వివాహము జరిపించెను. పెండ్లికి వెళ్లినవారిని వెలివేసిరి. జడిసి ప్రాయశ్చిత్తము చేయించుకొనినవారు పలువురు. పంతులుగారి ధైర్యమును, వారికి అండగా నిలిచిన విద్యార్థుల సాహసమును, సహాయము చేసిన పైడా రామకృష్ణయ్యగారి ఔదార్యమును మనము ఎన్ని మారులో చదివితిమి. ఆ పెండ్లిపీటలపై కూర్చున్న వధువు చిన్నపిల్ల. ఊరంతయు తన పేరు చెప్పుకొని తిట్టుచుండగా ఆ పిల్లకు రాత్రులు నిద్ర పట్టెనా? తోడి పిల్లలు ఆమెతో ఆడుకొనిరా? ఈ ప్రశ్న అటు శాస్త్రవాదము చేసిన పండితులకును పట్టలేదు, ఇటు చరిత్ర వ్రాసిన మనకును పట్టలేదు.

వెలి యనునది మన సంఘము కనిపెట్టిన శిక్షలలో మిక్కిలి కఠినమైనది. దెబ్బ లేదు, జరిమానా లేదు. పిలుపు ఉండదు, అంతే. నేటి బాలికను తరగతి వాట్సాప్ గుంపునుండి ఒక రాత్రి తొలగించి, తెల్లవారి ఆమెను చూచి గుసగుసలాడుట ఆ వెలియే. నిప్పు, నీరు ఇచ్చుట మానలేదు గదా అని పెద్దలు నవ్వవచ్చును. పదమూడేండ్ల ప్రాయమున తోటివారి పిలుపే నిప్పు, నీరును.

ఇంకొక మాట కూడ ఒప్పుకొనక తప్పదు. పరిహాసమును అచ్చులో ఆయుధముగా వాడుట మనకు నేర్పినది సంస్కర్తలే. 1874లో వెలువడిన వివేకవర్ధనియందును, పిమ్మట హాస్యసంజీవనియందును లంచగొండులకు, దంభాచారులకు తగిలిన చురకలు ఇంతింత కావు. అయితే పంతులుగారు తమ పేరు పెట్టుకొని, తమకంటె బలవంతులను, వారు చేసిన పనిని గూర్చి వెక్కిరించిరి. నేటి వెక్కిరింత పేరు లేనిది, బలహీనునిమీదిది, వాడు చేసిన పనికి గాక వాని రంగుకు, లావునకు, నత్తికి, కులమునకు తగులునది. రెంటిని హాస్యమను నొక్క గాటనే కట్టువారితో మాకు సమాధానము లేదు.

పిల్లల మధ్య జరుగు హింసను శాస్త్రదృష్టితో మొదట చూచినవారిలో స్కాండినేవియా వారు ముఖ్యులు. డాన్ ఓల్వియస్ అను పండితుడు 1970ల మొదటనే దీనిని పరిశోధించెను. నార్వేయందు ముగ్గురు బాలురు ప్రాణములు తీసికొన్న పిమ్మట 1983లో ఆ దేశపు ప్రభుత్వము పాఠశాలలన్నిటను ఉద్యమము నడపెను. మన రాష్ట్రము 1997లో ర్యాగింగు నిషేధ చట్టము చేసెను. అది విద్యాలయములను దృష్టియందుంచుకొని చేసిన చట్టము. వేధింపునకు అప్పటికి ఒక ఆవరణ యుండెను.

1995 ఆగస్టు 15న మన దేశపు ప్రజలకు ఇంటర్నెట్టు అందుబాటులోనికి వచ్చినది. 2000లో సమాచార సాంకేతిక చట్టమును, 2008లో దానికి సవరణయు వచ్చినవి. ఆ సవరణలోని 66-ఏ సెక్షనును చదివినవారికి 1898 నాటి పోస్టుకార్డు తప్పక జ్ఞప్తికి వచ్చును: తీవ్రముగ నొప్పించు మాటలు అను ఆ పాతమాటయే దానిలోనికి వచ్చి కూర్చున్నది. ఎవరిని నొప్పించినను నేరమే యనునప్పుడు ముందుగా నొచ్చుకొనునది అధికారమే. 2012లో మహారాష్ట్రములోని పాల్ఘర్‌నందు బందును గూర్చి ఫేస్‌బుక్కులో రెండు మాటలన్నందుకు ఇద్దరు యువతులను నిర్బంధించిరి. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టివేసెను. తీర్పు చెప్పిన న్యాయమూర్తులిద్దరిలో ఒకరు మన తెలుగువారగు జాస్తి చలమేశ్వరుగారు. ఆ తీర్పు న్యాయమైనదే. కాని పెద్దలు తమ పరువునకు కంచె కట్టుకొనిన కథ అది మొదటిసారి కాదు.

ఇక పిల్లల సంగతి. ఇట్టి వేధింపునకు గురియైన కౌమారదశలోనివారియందు నిద్రలేమి, దిగులు, బెదురు, బడి కెగనాము పెట్టుట, తమ్ము తాము గాయపరచుకొనుట, చావు తలంపులు హెచ్చుగా కానవచ్చుచున్నవని అనేక దేశముల పరిశోధనలు చెప్పుచున్నవి. ఏది కారణము, ఏది కార్యము అనుట అంత సులభము కాదు. దిగులుతోనున్న బిడ్డ వేధింపునకు త్వరగా చిక్కును, వేధింపు ఆ దిగులును రెట్టింపు చేయును. ఒకచోట దెబ్బతిని వేరొకచోట కొట్టువారు కొందరు కలరు; వారి స్థితి అందరికంటె దుర్భరము. తల్లికి మాత్రము ఇవేవియు కానరావు. ప్రతి సోమవారము ఉదయము వచ్చు కడుపునొప్పి కానవచ్చును. ఇష్టముతో తినెడి బిడ్డ కంచము ముందర కదలక కూర్చుండుట కానవచ్చును. దిష్టి తీసి పంపును.

మరియొక సంగతి కూడ పరిశోధకులు పలుమారు గమనించిరి. తెరమీద ఏడిపించువాడు తరచుగా బడిలో ఏడిపించువాడే. ఆకాశరామన్న ఆకాశమున లేడు. వెనుక బల్లమీద కూర్చున్నాడు. ఎవరో తెలియనందున బిడ్డకు ప్రతి ముఖమును అనుమానమే యగును. ఒక శత్రువు నలువదిమంది యగును.

కాగితమును చింపవచ్చును, గోడకు సున్నము కొట్టవచ్చును. నేటి వ్రాతకు ఆ గతి లేదు. 2024 జులైలో ఒక తండ్రి తన చిన్నారి కూతురితో ఉన్న వీడియోను పెట్టుకొని కొందరు యువకులు యూట్యూబునందు మిక్కిలి అసభ్యముగ పరాచికములాడిరి. నటుడు సాయి ధరమ్ తేజ్ దానిని ప్రభుత్వముల దృష్టికి తెచ్చెను; తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు నమోదు చేసి ప్రధాన నిందితుని బెంగుళూరున పట్టుకొనెను. చట్టము ఈసారి వేగముగనే నడచినది. అయినను అట్టి వీడియోల నకళ్లు ఎందరి ఫోనులలో మిగిలియుండునో ఎవరు లెక్కింపగలరు? ఆ పసిపిల్లకు ఆనాడు మాట అర్థము కాదు. పదునాలుగేండ్లు వచ్చిన నాడు అర్థమగును.

ఇట్టివానిని చూచి కొన్ని దేశములు తలుపే మూసివేయుచున్నవి. ఆస్ట్రేలియా 2024లో చేసిన చట్టము 2025 డిసెంబరు 10నుండి పదునారేండ్లు నిండనివారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలు లేకుండ చేసినది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లలోపువారికి తలిదండ్రుల అనుమతి యుండవలెననుచున్నది. మాకు దీనియందు పూర్తి నమ్మకము కలుగలేదు. జూపాడు బంగ్లా వంటి యూళ్లలో ఫోను తండ్రిది, నంబరు తల్లిది, వాడుట బిడ్డ. వయస్సెవరిదని యంత్రము అడుగును?

అంతకంటె మాకు ముఖ్యముగ తోచునది ఇంటిలోని భయము. బిడ్డ చెప్పడు. ఏల చెప్పడనగా, చెప్పిన మరుక్షణమున ఫోను లాగికొందురని వానికి తెలియును. ఏడిపించినవాని ఫోను వానియొద్దనే యుండును. ఏడ్చినవాని ఫోను పోవును. ఆడపిల్లయైనచో ఫోనుతో పాటు చదువును పోవచ్చును. నూటనలువది యేండ్లనాడు పెండ్లిపీటలమీద కూర్చున్న పిల్లను అడుగని ప్రశ్ననే ఈనాటి బిడ్డను కూడ మనము అడుగుట లేదు. ‘‘నీ తప్పేమి?’’ అని అడుగుచున్నాము.

2022 అక్టోబరు 10నుండి టెలి మానస్ అను పేర ప్రభుత్వము 14416 నంబరున మనోవ్యథగలవారితో మాటలాడుటకు ఏర్పాటు చేసినది. పిల్లల కొరకు 1098 నంబరు అంతకు చాల ముందునుండి కలదు. 2019లో కేంద్రప్రభుత్వము సైబరు నేరముల ఫిర్యాదులకై జాతీయ పోర్టలు నొకదానిని తెరచినది. అందు స్త్రీలను, పిల్లలను గూర్చిన కొన్ని నేరములకు ఫిర్యాదు చేయువారు తమ పేరు చెప్పనక్కరలేదు. ఇన్నాళ్లు కొట్టినవాడు దాగిన చాటున ఇప్పుడు దెబ్బతిన్న పిల్లయు నిలిచి ఫిర్యాదు వ్రాయవచ్చును.