పీడియాట్రిక్ రెసిడెన్సీ (అమెరికా)

పీడియాట్రిక్ రెసిడెన్సీ అనగా వైద్య పట్టా పొందిన పిదప, ఆసుపత్రిలో పనిచేస్తూ శిశువైద్యంలో పొందే ప్రత్యేక శిక్షణ. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో దీని వ్యవధి 3 సంవత్సరాలు. శిక్షణ కేంద్రాలకు ఎ.సి.జి.ఎం.ఇ. అనే సంస్థ గుర్తింపునిస్తుంది. శిక్షణ ముగించినవారికి 1933లో ఏర్పడిన అమెరికన్ బోర్డ్ ఆఫ్ పీడియాట్రిక్స్ పరీక్ష నిర్వహిస్తుంది. భారతదేశంలో ఎం.డి. (పీడియాట్రిక్స్) కూడా 3 సంవత్సరాలదే. అయినప్పటికీ అది పూర్తిచేసి అమెరికా వెళ్ళినవారు సాధారణంగా అక్కడి రెసిడెన్సీని మళ్ళీ చేయవలసి ఉంటుంది.

మ్యాచ్ పద్ధతి

ఇంటర్వ్యూలు ముగిసిన తరువాత అభ్యర్థులు తమకు నచ్చిన కేంద్రాలను వరుసక్రమంలో పేర్కొంటూ జాబితా ఇస్తారు. కేంద్రాలు కూడా అభ్యర్థులను అదే విధంగా వరుసపెడతాయి. ఈ జాబితాలను ఎన్.ఆర్.ఎం.పి. అనే సంస్థ కంప్యూటరు ద్వారా జోడించి, మార్చి నెల మూడవ శుక్రవారం నాడు ఫలితాలు ప్రకటిస్తుంది. 1952లో మొదలైన ఈ 'మ్యాచ్'ను తరువాత ఆల్విన్ రాత్ సవరించాడు. ఇటువంటి జోడింపులపై చేసిన కృషికి రాత్, లాయిడ్ షాప్లీలకు 2012లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

కంప్యూటరు ముందుగా అభ్యర్థి జాబితాలోని మొదటి కేంద్రంలో ప్రయత్నిస్తుంది. అక్కడి సీట్లు ఆ కేంద్రం అంతకంటే ఎక్కువగా కోరుకున్నవారితో నిండితే రెండవదానికి వెళుతుంది. చివరి వరకు కేటాయింపులన్నీ తాత్కాలికమే. కనుక దొరకదేమోననే భయంతో ఇష్టమైన కేంద్రాన్ని కిందికి దించడం వలన ప్రయోజనం లేదు. దానిని పైన రాసినంత మాత్రాన కింది కేంద్రాలలో అవకాశం తగ్గదు. ఇది చాలామందికి మొదట నమ్మశక్యంగా తోచదు. అయితే ఫలితానికి కట్టుబడి ఉండాలి కాబట్టి, వెళ్ళదలచని చోటును జాబితాలో చేర్చరాదు.

కేంద్రాల మధ్య భేదాలు

1855లో స్థాపించబడిన ఫిలడెల్ఫియా బాలల ఆసుపత్రి వంటి పెద్ద కేంద్రాలకు దూరప్రాంతాల నుండి అరుదైన వ్యాధులు గల పిల్లలు వస్తారు. అన్ని ఉపశాఖల నిపుణులూ అక్కడ ఉంటారు. కాని ఉపశాఖలో పై శిక్షణ పొందే ఫెలోలు కూడా అక్కడే ఉండటం వలన, క్లిష్టమైన నిర్ణయాలు, శ్వాసనాళంలో గొట్టం అమర్చడం వంటి పనులు తరచుగా వారి చేతికే పోతాయి. చిన్న కేంద్రంలో ఉబ్బసం, నవజాత శిశువుల కామెర్లు, నిమోనియా వంటి సాధారణ వ్యాధులే ఎక్కువ. విషమించిన రోగిని పెద్ద ఆసుపత్రికి పంపివేస్తారు. అయితే అర్ధరాత్రి శిశువు దగ్గర మొదట నిలబడేది రెసిడెంటే. పట్టణంలో క్లినిక్ నడపదలచినవారికి ఈ అనుభవం ఎక్కువ ఉపయోగకరం. నియోనేటాలజీ, హృద్రోగ శాఖల వంటివి కోరేవారు మరో 3 సంవత్సరాలు ఫెలోషిప్ చేయాలి. వారికి పెద్ద కేంద్రంలో పరిశోధనావకాశాలు అధికం. బోస్టన్‌లో బాలల ఆసుపత్రి, పేదలకు ఎక్కువగా సేవలందించే బోస్టన్ మెడికల్ సెంటర్ కలిసి ఒకే రెసిడెన్సీని నడుపుతున్నాయి.

వారానికి సగటున 80 గంటలకు మించి పని చేయించరాదనే నిబంధన 2003 నుండి అన్ని కేంద్రాలకూ వర్తిస్తుంది. రాత్రి డ్యూటీల అమరిక మాత్రం ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటుంది. ఈ సంగతి ఆసుపత్రి ప్రచార పత్రాల కంటే అక్కడ పనిచేస్తున్న రెసిడెంట్ల ద్వారానే బాగా తెలుస్తుంది. బోర్డు పరీక్షలో ఉత్తీర్ణుల శాతం మరొక కొలమానం. ఏటా నలుగురైదుగురే ఉండే కేంద్రంలో ఒక్కరు తప్పినా ఆ శాతం బాగా పడిపోతుంది.

విదేశీ పట్టభద్రులు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల్లో ఎం.బి.బి.ఎస్. చదివినవారికి ముందుగా ఇ.సి.ఎఫ్.ఎం.జి. ధ్రువీకరణ కావాలి. 2022 జనవరి నుండి యు.ఎస్.ఎం.ఎల్.ఇ. మొదటి దశకు మార్కులు ఇవ్వడం లేదు. అందువలన రెండవ దశ మార్కులకు ప్రాధాన్యం పెరిగింది. ఏ కేంద్రం ఏ వీసా ఇస్తుందో దరఖాస్తుకు ముందే తెలుసుకోవాలి. జె-1 వీసాపై చదివినవారు శిక్షణానంతరం 2 సంవత్సరాలు స్వదేశంలో గడపాలి, లేదా మినహాయింపు పొంది, వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో 3 సంవత్సరాలు పనిచేయాలి. కొన్ని కేంద్రాలు మాత్రమే హెచ్-1బి వీసా ఇస్తాయి. దానికి మూడవ దశ పరీక్ష కూడా ముందే పూర్తిచేయాలి. 2024 మ్యాచ్‌లో శిశువైద్యంలో 250కి పైగా సీట్లు మిగిలిపోయాయి. అటువంటి సీట్లను సోప్ అనే మలివిడతలో భర్తీ చేస్తారు.