పొయ్యిలో పిల్లి, ట్రేలో ఇసుక

“పొయ్యిలో పిల్లి లేవలేదు” అనే మాట వినే ఉంటారు. ఇంట్లో ఇంకా పొయ్యి వెలగలేదని, వండుకోడానికి ఏమీ లేదని అర్థం. అసలు పిల్లి పొయ్యిలో ఎందుకు పడుకుంటుంది? కట్టెల పొయ్యి ఆరినా బూడిద తెల్లారేదాకా గోరువెచ్చగా ఉంటుంది కాబట్టి. ఆ బూడిదే ఎత్తి పెరట్లో కుప్ప పోస్తే అక్కడే గోకి, పని కానిచ్చుకుని, కప్పెట్టి వచ్చేది. దానికి ఎవరూ నేర్పింది లేదు.

ఆ అలవాటు చాలా పాతది. మన పిల్లుల పూర్వీకులు ఎండు నేలల్లో తిరిగిన అడవిపిల్లులు. మనుషులు ధాన్యం దాచిన చోటికి ఎలుకలు చేరాయి, ఎలుకల వెంట పిల్లులు. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికింది. చిత్తూరు వైపు చెనక్కాయల మూటలున్న ఇళ్ళలో పిల్లిని ఉండనిచ్చిందీ ఎలుకల కోసమే, ముద్దు కోసం కాదు.

తర్వాత బూడిద పోయింది. 1999లో దీపం పథకం కింద మన రాష్ట్రంలో ఆడవాళ్ళ పేర గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. పొగ తప్పింది, దానికి నేను వంక పెట్టను! కానీ పెరడు కూడా సిమెంటయింది, తిరుపతిలో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇప్పుడు కూనకు గోకడానికి పిడికెడు మట్టి లేదు. అది సోఫా వెనక్కి పోతే పాడు బుద్ధి అని తిట్టి, సంచిలో వేసి ఎక్కడో వదిలేసి వస్తున్నారు. రెండు నెలల కూన వీధిలో ఎన్నాళ్ళు బతుకుతుంది?

అమెరికాలోనూ బూడిద, ఇసుకే వాడేవాళ్ళు. 1947లో మిషిగన్ రాష్ట్రంలో ఒకావిడ తన ఇసుక గడ్డకట్టిపోతే, పక్కనుండే ఎడ్వర్డ్ లో అనే వ్యాపారిని ఇసుక అడిగింది. ఆయన తడి పీల్చే ఎండు బంకమట్టి ఇచ్చాడు. బూడిదలా ఇల్లంతా నల్లటి అడుగులు పడలేదు. ఈ రోజు మనం కొనే ‘లిట్టర్’ అలా పుట్టింది.

కాబట్టి మనం చేయాల్సింది పోయిన బూడిదకుప్పను తిరిగి ఇవ్వడమే. మొదటి వారం ఒకే గదిలో ఉంచండి. అంచు తక్కువున్న ట్రే ఒక మూల, తిండి ఇంకో మూల. తినగానే, నిద్ర లేవగానే తీసుకెళ్ళి ట్రేలో దించండి. బయట చేస్తే కొట్టొద్దు. కొడితే మిమ్మల్ని చూసి దాక్కోవడం తప్ప ఇంకేం నేర్చుకోదు. చిన్నకూనలు లిట్టర్ రుచి చూస్తాయి, అందుకే గడ్డకట్టే రకం వద్దు. ట్రే రోజూ శుభ్రం చేయాలి, కానీ ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని వేరేవాళ్ళు చూసుకోవాలి. పిల్లి మలం నుంచి వచ్చే టాక్సోప్లాస్మా కడుపులో బిడ్డకు ప్రమాదం.

ఇక పాలు. తిరుమల గుడిలో ఇద్దరు దేవేరులతో విగ్రహమై నిలబడిన కృష్ణదేవరాయలు, ఎలుకల బెడద తీరడానికి ఇంటింటికీ పిల్లినీ దానికి పాలకోసం ఆవునీ ఇచ్చాడని కథ. తెనాలి రామకృష్ణుడు సలసల కాగే పాలు పెట్టి, ఆ పిల్లి మళ్ళీ పాలవైపు చూడకుండా చేశాడు. కథ ఎలా ఉన్నా చాలా పిల్లులకు ఆవుపాలు అరగవు, విరేచనాలవుతాయి. కొత్త కూన ఇల్లు పాడుచేస్తోందంటే ముందు గిన్నెలో ఏం పోశారో చూడండి. నీళ్ళు, అంగట్లో దొరికే కిటెన్ ఫుడ్ చాలు.