హజ్ యాత్రలో శుద్ధి నియమాలు

ఆరాధనకు ముందు ఒంటిని, బట్టలను, చోటును శుద్ధిగా ఉంచుకోవడాన్ని ఇస్లామీయ ధర్మశాస్త్రం తహారత్ అంటుంది. హజ్, ఉమ్రా యాత్రల్లో ఈ నియమం గట్టిగా వర్తించేది రెండింటికే: నమాజుకు, కాబా చుట్టూ చేసే తవాఫ్‌కు. సఫా, మర్వా గుట్టల మధ్య సయీ చేయడం, అరఫాత్‌లో నిలవడం, ముజ్దలిఫాలో రాత్రి గడపడం, జమరాత్‌పై రాళ్లు రువ్వడం వుజూ అనే శుద్ధి లేకున్నా చెల్లుతాయి. వుజూతో చేస్తే మేలు.

మూడు పద్ధతులు

ముఖం, మోచేతుల దాకా చేతులు, చీలమండల దాకా పాదాలు కడుక్కుని, తడిచేత్తో తల తుడుచుకోవడం వుజూ. ఒళ్లంతా తడిసేలా స్నానం చేయడం గుస్ల్. నీరు దొరకనప్పుడు, లేదా నీరు తగిలితే జబ్బు ముదిరేటప్పుడు, శుభ్రమైన మట్టిపై అరచేతులు ఆనించి ముఖం, చేతులు తుడుచుకోవడం తయమ్ముమ్. ఈ మూడూ ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా 6వ వాక్యంలో ఉన్నాయి. తయమ్ముమ్ అనుమతి వచ్చింది ప్రయాణంలోనే. ప్రవక్త భార్య ఆయిషా హారం పోతే వెతకడానికి బృందమంతా నీళ్లు లేని చోట ఆగిపోయిందని, అప్పుడే ఆ వాక్యం అవతరించిందని ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనాలైన హదీసులు చెబుతాయి.

ఇహ్రామ్‌కు ముందు, తర్వాత

యాత్రాదీక్ష అయిన ఇహ్రామ్‌లోకి వెళ్లేముందు గుస్ల్ చేయడం సున్నత్, అంటే ప్రవక్త పాటించిన ఆచారం. ఇది బహిష్టులో ఉన్నవారికీ, బాలింతలకూ వర్తిస్తుంది. హిజ్రీ 10 (క్రీ.శ. 632)లో ప్రవక్త చివరి హజ్‌కు బయలుదేరినప్పుడు, మదీనాకు దగ్గర్లోని జుల్ హులైఫాలో బృందంలోని అస్మా బింత్ ఉమైస్ ప్రసవించారు. స్నానం చేసి, గుడ్డ కట్టుకుని, ఇహ్రామ్‌లోకి రమ్మని ప్రవక్త ఆమెకు చెప్పారు.

ఇహ్రామ్‌లో ఉన్నవారు సువాసనలు వాడకూడదు, వెంట్రుకలు, గోళ్లు తీయకూడదు. మరి తలస్నానం చేయవచ్చా? అబ్వా అనే చోట ప్రవక్త సహచరులైన ఇబ్న్ అబ్బాస్‌కు, మిస్వర్ ఇబ్న్ మఖ్రమాకు మధ్య ఇదే వాదన వచ్చింది. అడిగి రమ్మని మరో సహచరుడు అబూ అయ్యూబ్ అన్సారీ దగ్గరికి మనిషిని పంపారు. ఆయన అప్పటికి బావి దగ్గర రెండు గుంజల మధ్య గుడ్డ చాటున స్నానం చేస్తున్నారు. తల కనబడేలా గుడ్డ కిందికి దించి, పక్కనున్న మనిషితో నీళ్లు పోయించుకుని, రెండు చేతులతో తల ముందుకూ వెనక్కూ రుద్ది చూపించారు. ప్రవక్త చేయగా చూసింది ఇలాగే అన్నారు. వాసన లేని సబ్బుతో స్నానం చేయవచ్చని నేటి ధర్మవేత్తలు చాలామంది చెబుతారు.

విమాన ప్రయాణంలో

హైదరాబాద్ నుంచి నేరుగా జెద్దాకు వెళ్లే విమానం దిగకముందే మీఖాత్ హద్దు, అంటే ఇహ్రామ్ లేకుండా యాత్రికులు దాటకూడని హద్దు, దాటుతుంది. అందుకే యాత్రికులు గుస్ల్ ముగించుకుని, ఇహ్రామ్ వస్త్రాలు ముందే కట్టుకుంటారు. ముందుగా మదీనా వెళ్లేవారికి మక్కా దారిలోని జుల్ హులైఫాయే మీఖాత్.

వుజూలో ఒక్కో అవయవాన్ని ఒక్కసారి కడిగితే విధి తీరుతుంది. మూడుసార్లు కడగడం సున్నత్. ప్రవక్త ఒక ముద్ నీటితో, అంటే లీటరుకు తక్కువతోనే, వుజూ చేసేవారని హదీసు. విమానం మరుగుదొడ్డిలో సన్నటి ధార కూడా అందుకు చాలు. వుజూతో తొడిగిన తోలు మేజోళ్లను విప్పకుండా పైన తడిచేత్తో తుడిచే వెసులుబాటు బాటసారికి మూడు పగళ్లు, మూడు రాత్రులు ఉంటుందని హనఫీ, షాఫయీ, హంబలీ మజ్‌హబ్‌లు (ధర్మశాస్త్ర సంప్రదాయాలు) చెబుతాయి. ఇహ్రామ్‌లో మగవారు అలాంటి మేజోళ్లు తొడగకూడదు కనుక ఆ వెసులుబాటు వారికి అక్కడితో ఆగుతుంది, ఆడవారికి కొనసాగుతుంది.

తవాఫ్‌లో వుజూ

వుజూ లేని తవాఫ్ చెల్లదని మాలికీ, షాఫయీ, హంబలీ మజ్‌హబ్‌ల మాట. హనఫీల దృష్టిలో తవాఫ్ నెరవేరుతుంది గానీ వాజిబ్ (తప్పనిసరి విధి) తప్పినట్టే. హజ్‌లో ప్రధానమైన తవాఫె జియారత్‌ను అలా చేస్తే మళ్లీ చేయాలి, లేదా మేకనో గొర్రెనో బలి ఇవ్వాలి. తెలుగు ముస్లింలలో ఎక్కువమంది హనఫీలే. షాఫయీ మతంలో మహ్రమ్ (పెళ్లి నిషిద్ధమైన దగ్గరి బంధువు) కాని స్త్రీపురుషుల చర్మం నేరుగా తగిలితే వుజూ పోతుంది. ఇసుకవేస్తే రాలని తవాఫ్ గుంపులో వుజూ నిలబెట్టుకోవడం కష్టం. అందుకే ఆగ్నేయాసియా షాఫయీ యాత్రికులలో చాలామంది ఈ విషయంలో వేరే మజ్‌హబ్ తీర్పును అనుసరిస్తారు. మూత్రం ఆపుకోలేని జబ్బువంటివి ఉన్నవారు ప్రతి నమాజు వేళకు కొత్తగా వుజూ చేసుకుంటే, ఆ వేళ ముగిసేదాకా తవాఫ్‌కూ అది చాలునని హనఫీ మతం.

బహిష్టు

చివరి హజ్‌లోనే మక్కా సమీపంలోని సరిఫ్‌లో ఆయిషాకు బహిష్టు వచ్చింది. తవాఫ్ తప్ప మిగతా యాత్రికులు చేసేవన్నీ చేయమని ప్రవక్త చెప్పారు. నేటికీ ఆ మాటే నియమం. మక్కా విడిచేముందు చేసే వీడ్కోలు తవాఫ్ నుంచి అలాంటివారికి మినహాయింపు ఉంది. తవాఫె జియారత్‌కు మాత్రం శుద్ధి అయ్యేదాకా ఆగాలి. తిరుగు విమానం తేదీ ముందే ఖాయమయ్యే ఈ రోజుల్లో ఇదే పెద్ద చిక్కు. డాక్టరు సలహాతో బహిష్టు వాయిదా వేసే మందులు వాడవచ్చని చాలామంది ధర్మవేత్తలు అనుమతించారు. ఆగడానికి ఏ దారీ లేనప్పుడు అదే స్థితిలో తవాఫ్ చేయవచ్చని 14వ శతాబ్దపు పండితుడు ఇబ్న్ తైమియా అభిప్రాయం.

నీటి వసతి

అబ్బాసీ ఖలీఫా హారూన్ అల్ రషీద్ భార్య జుబైదా తవ్వించిన కాలువ నుమాన్ లోయ నీటిని అరఫాత్ మీదుగా మక్కా వైపు తెచ్చింది. ఇప్పుడు మక్కాకు ఎర్రసముద్ర తీరంలోని షుఐబా నుంచి ఉప్పు తీసిన నీరు వస్తోంది. హజ్ రోజుల్లో యాత్రికులు బస చేసే మినా గుడారాల్లో కొరత నీటికి కాదు, కుళాయి దగ్గర వంతుకు. వరుస పొడవుగా ఉందన్న కారణం ఒక్కటే తయమ్ముమ్‌కు చాలదని ధర్మవేత్తలు సాధారణంగా చెబుతారు. అందువల్ల అనుభవమున్న యాత్రికులు అజాన్ దాకా ఆగకుండా ముందుగానే వుజూ చేసుకుంటారు.