బల్ల కిందికి చేరిన మంద్రధ్వని

గుడిలో మోగే నగారాను గమనించండి. పెద్ద కాగులాంటి పాత్ర మూతికి తోలు బిగించి ఉంటుంది. అదే పూజారి చేతిలోని గంట గుప్పిట్లో ఇమిడిపోతుంది. వీణలో కూడా మంద్రస్థాయి పలికే తీగ మిగతావాటికన్నా లావుగా ఉంటుంది. మంద్రధ్వని కావాలంటే వాద్యం పెద్దదిగానో, బరువుగానో ఉండాలన్న సంగతిని వాద్యాలు తయారుచేసే పనివారు భౌతికశాస్త్రం చదవకుండానే గ్రహించారు.

మరి కంప్యూటర్ తెరకు రెండు వైపులా పెట్టుకునే అరచేతంత స్పీకర్ల మాటేమిటి? వాటిలో గాయని గొంతు, వేణువు, తాళాలు స్పష్టంగానే వినిపిస్తాయి. డోలు మాత్రం అట్టపెట్టెను కొట్టినట్లు మోగుతుంది. బల్ల కింద ఒక సబ్‌వూఫర్ పెట్టి కలపగానే డోలుకు ప్రాణం వస్తుంది. విచిత్రమేమిటంటే, ఆ మోత బల్ల కింద నుంచి వస్తున్నట్లు తోచదు. ఎదురుగా తెర దగ్గరే పుట్టినట్లు ఉంటుంది. ఇదెలా సాధ్యం? ఈ ప్రశ్నకు జవాబు నూట ముప్ఫై ఏళ్లకు పైబడిన చరిత్రలో ఉంది. అందులో ఒక వైపు ప్రకృతి విధించిన షరతు, మరో వైపు మన చెవికి ఉన్న ఒక బలహీనత కనిపిస్తాయి. చెవి బలహీనతను ఆసరాగా చేసుకొని ఆ షరతుతో రాజీ కుదుర్చుకోవడమే సబ్‌వూఫర్ కథ.

షరతు ఏమిటి?

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు పౌనఃపున్యం ఉన్న ధ్వనులను వినగలదు. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 344 మీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి 1000 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 34 సెంటీమీటర్లు. బాస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ పలికే 41 హెర్ట్జ్ స్వరం తరంగదైర్ఘ్యం 8 మీటర్లు దాటుతుంది. అంటే మనం నివసించే గదికన్నా పొడవైన తరంగం అన్నమాట.

స్పీకర్‌లోని కాగితపు శంకువు ముందుకూ వెనక్కూ కదులుతూ గాలిని నెడుతుంది. పౌనఃపున్యం సగానికి తగ్గినప్పుడు ధ్వని తీవ్రత అంతే ఉండాలంటే శంకువు నాలుగు రెట్ల దూరం కదలాలి. 1000 హెర్ట్జ్ వద్ద మిల్లీమీటరులో నూరోవంతు కదిలితే చాలనుకుందాం. 50 హెర్ట్జ్ వద్ద అదే శంకువు 400 రెట్లు, అంటే 4 మిల్లీమీటర్లు కదలాలి. చిన్న స్పీకర్‌కు ఇది చేతకాదు. శంకువు వైశాల్యాన్ని పెంచడం మరో మార్గం. 12 అంగుళాల శంకువుకు 3 అంగుళాల శంకువుకన్నా 16 రెట్ల వైశాల్యం ఉంటుంది. అయితే అది బల్ల మీద పట్టదు!

దీనికి తోడు చెవి కూడా మంద్రధ్వనుల పట్ల కాస్త మందకొడిగా ఉంటుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో హార్వే ఫ్లెచర్, వైల్డెన్ మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లో ఈ విషయాన్ని కొలిచి చూపారు. 1000 హెర్ట్జ్ వద్ద లీలగా వినిపించే ధ్వనితో పోలిస్తే, 50 హెర్ట్జ్ ధ్వని వినిపించడం మొదలవ్వాలంటే తీవ్రత 40 డెసిబెళ్లకు పైగా పెరగాలి. అంటే పదివేల రెట్లకు మించి!

అలాంటప్పుడు చిన్న స్పీకర్‌లో పాటను ఎలా గుర్తుపడుతున్నాం? టెలిఫోనే ఇందుకు ఉదాహరణ. పాత టెలిఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే ధ్వనిని పంపేది. మగవారి గొంతులోని ప్రాథమిక స్వరం 120 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అది తీగ దాటి రాదు. అయినా మాట్లాడేది నాన్నగారే అని మనకు తెలిసిపోతుంది. ప్రాథమిక స్వరం రాకపోయినా దాని గుణిజాలైన పై స్వరాలు వస్తాయి. వాటిని బట్టి మెదడు అసలు స్వరాన్ని ఊహించుకుంటుంది. చిన్న స్పీకర్‌లోనూ ఇదే జరుగుతుంది. స్వరం తెలుస్తుంది గానీ దాని బరువు, ఛాతీకి తగిలే ఆ అదురు రావు. ఊహ గాలిని కదిలించలేదు కదా!

పెట్టెతో పెనుగులాట

ఈనాటి స్పీకర్‌కు రూపమిచ్చినవారు జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్. వీరు 1925లో అయస్కాంతం, తీగచుట్ట, 6 అంగుళాల కాగితపు శంకువు గల స్పీకర్‌ను వివరించారు. శంకువు ముందుకు కదిలినప్పుడు ఎదుటి గాలి నొక్కుకుంటుంది, వెనుక గాలి పలచబడుతుంది. మంద్రధ్వనుల విషయంలో ఈ రెండూ అంచుల చుట్టూ తిరిగి కలిసిపోయి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే స్పీకర్‌ను ఒక పలకకో, పెట్టెకో బిగించాలి.

వెనుక వచ్చే ధ్వనిని వృథా చేయడమెందుకని బెల్ ప్రయోగశాలకు చెందిన ఆల్బర్ట్ థురాస్ ఆలోచించాడు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బొంయ్‌మని మోగుతుంది. మూతిలోని గాలి బరువుగా, లోపలి గాలి స్ప్రింగులా పనిచేయడమే అందుకు కారణం. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 19వ శతాబ్దంలోనే ఈ అనునాదాన్ని పరిశీలించాడు. థురాస్ స్పీకర్ పెట్టెకు ఒక గొట్టం అమర్చి దాన్ని అలాంటి సీసాగా మార్చాడు. 1932లో ఆయనకు పేటెంట్ లభించింది. నేటి సబ్‌వూఫర్లలో చాలావాటికి కనిపించే గుండ్రని రంధ్రం ఇదే.

1954లో ఎడ్గర్ విల్చర్ మరో దారి పట్టాడు. పెట్టెను గాలి చొరకుండా మూసివేసి, లోపలి గాలినే శంకువుకు స్ప్రింగుగా వాడుకున్నాడు. తన విద్యార్థి హెన్రీ క్లాస్‌తో కలిసి ఆయన స్థాపించిన అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ, అంతకుముందు బీరువాలంత ఉండే స్పీకర్లను పుస్తకాల అరలో పట్టేంతకు కుదించింది.

అయితే ప్రకృతి దేన్నీ ఉచితంగా ఇవ్వదు. క్లాస్‌తో కలిసి పనిచేసిన జె. ఆంటన్ హాఫ్‌మన్ పేరుమీద ఒక సూత్రం ప్రసిద్ధమైంది. లోతైన మంద్రధ్వని, చిన్న పెట్టె, తక్కువ విద్యుత్తుతో ఎక్కువ శబ్దం: ఈ మూడింటిలో ఏ రెండైనా కోరుకోవచ్చు, మూడూ దొరకవు. పెట్టె పరిమాణం మార్చకుండా 80 హెర్ట్జ్‌కు బదులు 40 హెర్ట్జ్ వరకు దిగాలంటే సామర్థ్యం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆ లోటును యాంప్లిఫయర్ పూరించాలి. ట్రాన్సిస్టర్లు చౌకగా ఎక్కువ వాట్లు ఇవ్వగలిగాకే ఇది సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది.

ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోనూ, రిచర్డ్ స్మాల్ 1970ల తొలినాళ్లలోనూ ప్రచురించిన పరిశోధనలు పెట్టె తయారీని గణితానికి అప్పగించాయి. పెట్టె ఎంత ఉండాలో, గొట్టం ఎంత పొడవుండాలో ముందే లెక్కకట్టడం సాధ్యమైంది.

చెవి మోసపోయే చోటు

1958 నుంచి స్టీరియో గ్రామఫోను రికార్డులు బజారులోకి వచ్చాయి. ఒక స్పీకర్ ఉన్న ఇంట్లో రెండు కావలసి వచ్చాయి. రెండు పెద్ద పెట్టెలకు చోటెక్కడ? మంద్రధ్వనులకు రెండింటికీ కలిపి ఒకే పెట్టె సరిపోదా అన్న ఆలోచన సహజంగానే వచ్చింది. రికార్డు గాడిలో కుడి ఎడమల మంద్రధ్వనులు వేర్వేరుగా ఉంటే ముల్లు ఎగిరిపడే ప్రమాదం ఉండేది. అందువల్ల వాటిని ఒకటిగా కలిపి చెక్కడం కూడా వాడుకలో ఉంది.

కానీ కుడి ఎడమల తేడా చెవికి తెలియదా? ఈ ప్రశ్నకు పునాది వేసినవాడు ఆంగ్ల భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ. 1870లలో ఆయన పచ్చికబయలు మధ్య కళ్లు మూసుకుని నిలబడి, చుట్టూ ఉన్న సహాయకులు చేసే శబ్దాలు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో చెప్పడానికి ప్రయత్నించాడు. 1907 నాటికి ఆయన ఒక సిద్ధాంతానికి వచ్చాడు. హెచ్చు పౌనఃపున్యాలకు మన తల అడ్డుగోడలా నిలుస్తుంది. ఒక చెవిలో శబ్దం బలంగా, రెండో చెవిలో నీరసంగా వినిపిస్తుంది. మంద్రధ్వనుల తరంగాలు తలకన్నా ఎన్నో రెట్లు పొడవైనవి. అవి తల చుట్టూ వంగి రెండు చెవులకూ సమానంగా చేరతాయి. అప్పుడు రెండు చెవులకూ అందే తరంగాల మధ్య ఉండే స్వల్ప కాలభేదమే ఆధారం.

ఆరుబయట ఆ ఆధారం పనికొస్తుంది. గదిలో పరిస్థితి వేరు. 80 హెర్ట్జ్ తరంగం పొడవు 4.3 మీటర్లు. ఒక తరంగం పూర్తిగా రాకముందే దాని మొదటి భాగం గోడకు తగిలి తిరిగి వస్తుంది. సూటిగా వచ్చినదీ, తిరిగి వచ్చినదీ కలగలిసి దిక్కు తెలియకుండా పోతుంది. డోలు దెబ్బలోని 'టప్' అనే పదునైన భాగం బల్ల మీది స్పీకర్ల నుంచి వస్తుంది. చెవి దాన్నే నమ్మి, మోతను కూడా అక్కడికే చేరుస్తుంది. సబ్‌వూఫర్‌ను కనబడకుండా దాచగలగడానికి ఇదే కారణం.

సినిమాహాలు నుంచి కంప్యూటర్ దాకా

1968లో అమెరికాలో భౌతికశాస్త్రజ్ఞుడు ఆర్నాల్డ్ న్యూడెల్ తన ఇన్ఫినిటీ సంస్థ తొలి స్పీకర్ సెట్‌లో 18 అంగుళాల మంద్రధ్వని స్పీకర్‌ను వేరు పెట్టెలో అమర్చాడు. 1973లో లాస్ ఏంజెలిస్‌లో కెన్ క్రైసెల్, జోనాస్ మిల్లర్ అనేవారు స్టీలీ డాన్ బృందం రికార్డింగు కోసం స్టూడియోలో సబ్‌వూఫర్‌ను వాడారు.

దీన్ని జనంలోకి తెచ్చింది సినిమా. 1974లో వచ్చిన 'ఎర్త్‌క్వేక్' చిత్రం కోసం భారీ స్పీకర్లతో సెన్సరౌండ్ అనే పద్ధతిని అమర్చారు. భూకంపం తెర మీదే కాక కుర్చీల్లోనూ తెలిసింది. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్‌లో పైకప్పు పెచ్చులు ప్రేక్షకుల మీద పడకుండా వల కట్టవలసి వచ్చింది. 1977లో 'స్టార్ వార్స్' 70 ఎం.ఎం. ప్రతులలోని ఆరు ధ్వని పట్టీలలో రెండింటిని మంద్రధ్వనులకు కేటాయించారు. 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్ వచ్చింది. 5.1 అన్న మాటలోని ఆ .1 మంద్రధ్వని మార్గమే. అది 120 హెర్ట్జ్ వరకే పలుకుతుంది. మొత్తం శ్రవ్య పరిధిలో చిన్న ముక్క కాబట్టి పూర్తి అంకె ఇవ్వలేదు.

కంప్యూటర్ మాత్రం చాలాకాలం దాదాపు మూగదే. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.లో ఉన్నది కీచుమనే చిన్న స్పీకరు. 1989లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ సౌండ్ బ్లాస్టర్ కార్డును విడుదల చేశాక ఆటలకు, పాటలకు గొంతు వచ్చింది.

ఆ సమయానికి చిన్న స్పీకర్లు, వేరు మంద్రధ్వని పెట్టె అన్న ఏర్పాటు ఇళ్లలోకి చేరుతూ ఉంది. 1987లో బోస్ సంస్థ తెచ్చిన అకౌస్టిమాస్ సెట్ ఇలాంటిదే. ఆ సంస్థ స్థాపకుడు అమర్ బోస్, బెంగాల్ నుంచి అమెరికా చేరిన స్వాతంత్ర్యయోధుడు నోనీ గోపాల్ బోస్ కుమారుడు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఆచార్యుడు. విల్చర్ శిష్యుడు హెన్రీ క్లాస్ 1988లో నెలకొల్పిన కేంబ్రిడ్జ్ సౌండ్‌వర్క్స్ సంస్థ కంప్యూటర్ల కోసం ఇలాంటి సెట్లు తయారుచేసింది. 1997లో క్రియేటివ్ దాన్ని కొనేసింది. అలా 1954 నాటి పెట్టె వారసత్వం కంప్యూటర్ బల్లను చేరింది.

పెట్టె బల్ల కిందికి పోవడానికి మరో కారణమూ ఉంది. అప్పటి కంప్యూటర్ తెరలు పిక్చర్ ట్యూబులు. పెద్ద అయస్కాంతం దగ్గరగా ఉంటే ఎలక్ట్రాన్ల దారి వంగి రంగులు చెదిరేవి. ఇప్పటి చదును తెరలకు ఆ బాధ లేదు.

మీ గదిలో ఎలా?

సబ్‌వూఫర్ కొనగానే పని పూర్తికాదు. మొదట ఏ పౌనఃపున్యం దగ్గర విడదీయాలో చూడాలి. దీన్నే క్రాస్‌ఓవర్ అంటారు. 80 హెర్ట్జ్ దగ్గర విడదీస్తే పెట్టె ఎక్కడున్నదీ దాదాపు తెలియదు. బల్ల మీది స్పీకర్లు మరీ చిన్నవైతే అంత లోతుకు దిగలేవు. అప్పుడు 150 హెర్ట్జ్ దాకా సబ్‌వూఫర్‌కే అప్పగించాలి. 120 హెర్ట్జ్ ఉన్న మగగొంతు అందులో పడిపోతుంది. ఒక వార్తల రికార్డింగు పెట్టి వినండి. చదివేవారి గొంతు మీ మోకాళ్ల దగ్గర నుంచి వస్తున్నట్లుంటే విభజన ఎక్కువ ఎత్తులో ఉన్నట్లే.

రెండోది చోటు. 4 మీటర్ల పొడవున్న గదిలో 43 హెర్ట్జ్ వద్ద స్థిర తరంగం ఏర్పడుతుంది. గోడల దగ్గర మోత హోరెత్తుతుంది, గది మధ్యలో మాయమవుతుంది. కాబట్టి ఒక ఉపాయం చేయండి. సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే చోట పెట్టి పాట వేయండి. మీరు నేల మీద వంగి గది అంచుల వెంట తిరగండి. మోత ఎక్కడ ఒకే తీరుగా వినిపిస్తుందో అక్కడే పెట్టెకు తగిన చోటు. ధ్వని వెళ్లే దారిలో రెండు కొసలనూ తారుమారు చేసినా ఫలితం ఒకటే కాబట్టి ఇది పనిచేస్తుంది.

ఇక మూడోది ఇరుగుపొరుగు. పౌనఃపున్యం సగమైనప్పుడల్లా గోడ శబ్దాన్ని ఆపే శక్తి సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. అందుకే పక్కింటి పాటలో మాటలు వినబడవు, మోత మాత్రం వినబడుతుంది. మీ పాటలో మీకు నచ్చిన భాగమే పక్కింటివారి నిద్ర చెడగొడుతుంది. వాల్యూం మీట మీద చెయ్యి వేసేముందు ఈ లెక్కను కూడా గుర్తుంచుకోండి.