విదేశీ సైనిక విమానాలకు అనుమతి: 1991 గల్ఫ్ యుద్ధ అనుభవం

1. పరిచయం

రామగుండం, గోదావరిఖని ప్రాంతాల విద్యార్థులకు బసంత్‌నగర్‌లోని పాత రన్‌వే తెలిసే ఉంటుంది. అటువంటి పౌర విమానాశ్రయంలో మరో దేశపు సైనిక విమానం దిగాలంటే ఎవరు అనుమతించాలి? ఆ నిర్ణయానికి ఎవరు జవాబుదారీ? 1991లో బొంబాయి, మద్రాసు విమానాశ్రయాల్లో జరిగిన సంఘటనల ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

2. చట్టపరమైన నేపథ్యం

అంతర్జాతీయ పౌర విమానయానానికి 1944 నాటి షికాగో ఒప్పందం మూలం. దాని 3వ అధికరణం ప్రకారం సైనిక, కస్టమ్స్, పోలీసు సేవల్లో వాడే విమానాలు ప్రభుత్వ విమానాలు. ప్రత్యేక అనుమతి లేకుండా అవి మరో దేశం మీదుగా ఎగరరాదు, అక్కడ దిగరాదు. అంటే ఇక్కడ ముఖ్యమైనది విమానాశ్రయం ఏ రకానిది అన్నది కాదు, విమానం ఏ రకానిది అన్నది. మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో విదేశీ వ్యవహారాలు, విమానయానం రెండూ కేంద్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి అనుమతినిచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానిదే. ఇందుకు పార్లమెంటు ముందస్తు ఆమోదం అవసరం లేదు. అయితే 75(3) అధికరణం ప్రకారం మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలి.

3. గల్ఫ్ సంక్షోభం

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి ఎందరో గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినందున ఈ ప్రాంతానికి అది దూరపు వార్త కాదు. కువైట్‌లో చిక్కుకున్న లక్షకు పైగా భారతీయులను ప్రధానంగా ఎయిర్ ఇండియా విమానాలు అమ్మాన్ నుంచి స్వదేశానికి చేర్చాయి. చమురు ధరలు పెరిగాయి, గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము దెబ్బతింది, విదేశీ మారక నిల్వలు తరిగిపోయాయి.

4. ఇంధన వివాదం

1991 జనవరిలో చంద్రశేఖర్ ప్రభుత్వం గల్ఫ్‌కు వెళ్ళే అమెరికా సైనిక రవాణా విమానాలు బొంబాయి, మద్రాసు, ఆగ్రాలలో దిగి ఇంధనం నింపుకోవడానికి అనుమతించింది. వీటిలో మొదటి రెండు పౌర విమానాశ్రయాలు. విషయం పత్రికల్లోకి రావడంతో తీవ్ర నిరసన వ్యక్తమైంది. ఇది అలీన విధానానికి విరుద్ధమని రాజీవ్ గాంధీ, వామపక్షాలు విమర్శించారు.

సుమారు 60 మంది సభ్యుల బలంతో ఏర్పడిన ఆ ప్రభుత్వం కాంగ్రెస్ మద్దతుపైనే నిలబడింది. ఫలితంగా ఫిబ్రవరిలో ఇంధన సౌకర్యాన్ని నిలిపివేసింది. అదే జనవరిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి భారత్‌కు దాదాపు 180 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. ఈ రెంటికీ సంబంధం ఉందని కొందరు విశ్లేషకులు భావిస్తారు. అయితే రెండు సంఘటనలు ఒకే కాలంలో జరిగినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చరిత్ర విద్యార్థి నిర్ధారించరాదు.

5. తదనంతర పరిణామాలు

1957-77 మధ్య మంథని శాసనసభ్యుడిగా ఉన్న పి.వి. నరసింహారావు 1991 జూన్‌లో ప్రధాని అయ్యారు. ఆయన హయాంలోనే, 1995లో, భారత్-అమెరికా రక్షణ సంబంధాలపై అంగీకార పత్రం కుదిరింది. 2016 ఆగస్టు 29న ఇరు దేశాలు సరఫరా సౌకర్యాల ఒప్పందంపై సంతకం చేశాయి. దీని కింద పరస్పరం ఇంధనం పొందవచ్చు. కానీ ప్రతి సందర్భంలోనూ విడిగా అనుమతి తీసుకోవాలి. సైనిక స్థావరాల ఏర్పాటుకు ఇందులో అవకాశం లేదు.

6. సారాంశం

ఇంధనం నింపడం సాంకేతిక సేవగా కనిపించినా, యుద్ధకాలంలో అది విదేశాంగ విధాన నిర్ణయమవుతుంది. 1991లో ప్రభుత్వానికి చట్టపరమైన అధికారం ఉంది. లోపించింది రాజకీయ సమ్మతి. అధికారం ఉండటం వేరు, దాన్ని ప్రజాప్రతినిధులకు వివరించి నిలబెట్టుకోవడం వేరు. ఈ ఉదంతం నేర్పే పాఠం ఇదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. షికాగో ఒప్పందం ప్రకారం ప్రభుత్వ విమానాలు అంటే ఏవి?
2. 1991లో ఇంధన సౌకర్యం నిలిచిపోవడానికి కారణాలను చర్చించండి.